మత్తుకు కాదు, నాణ్యతకు ప్రోత్సాహం

తేలికపాటి బీరు అంటే నాసిరకం బీరు అన్న అపోహ మన దేశంలో పాతుకుపోయింది. ఇక్కడి మార్కెట్‌లో 'స్ట్రాంగ్' బీరుదే పైచేయి కావడానికి ఇదొక కారణం. జర్మనీ అనుభవం ఇందుకు భిన్నం.

అక్కడి లేత బంగారు రంగు బీర్లు మూడింటిని పక్కపక్కన ఉంచి రుచి చూస్తే ఈ విషయం బోధపడుతుంది. మూడింటిలోనూ మద్యం 5 శాతానికి అటూ ఇటూగానే ఉంటుంది. మ్యూనిక్‌లో స్పాటెన్ సంస్థ 1894లో ప్రవేశపెట్టిన 'హెల్లెస్'లో మాల్ట్ మాధుర్యం ముందుంటుంది. కొలోన్ నగరపు 'కోల్ష్'ను కాస్త వెచ్చగా పులియబెట్టి, ఆపై చల్లగా నిల్వ చేస్తారు. అందులో పండ్ల పరిమళం లీలగా తోస్తుంది. బొహీమియాలోని పిల్సెన్‌లో 1842లో బవేరియా నిపుణుడు జోసెఫ్ గ్రోల్ తయారుచేసిన బీరు 'పిల్స్'కు మూలం. ఇందులో హాప్స్ చేదుదే ఆధిక్యం. కనుక దీనిని చివర రుచి చూడడమే సబబు. లేకుంటే మిగతా రెండింటి సున్నితత్వం నాలుకకు అందదు.

ఘాటైన బీరులో లోపాలను మత్తు కప్పిపుచ్చగలదు. తేలిక బీరులో దాపరికానికి తావులేదు. వారాల తరబడి చల్లని ట్యాంకులలో ఉంచితే గాని దానికి ఆ శుభ్రమైన రుచి రాదు. అంతకాలమూ పెట్టుబడి స్తంభించిపోతుంది. చిన్న ఉత్పత్తిదారుకు ఇది మోయరాని భారం.

జర్మనీ ఈ వాస్తవాన్ని గుర్తించింది. పులియబెట్టక ముందు ద్రవంలో ఉండే సారం గాఢతను బట్టి అక్కడ పన్ను విధిస్తారు. ఏటా 2 లక్షల హెక్టోలీటర్లకు లోబడి ఉత్పత్తి చేసే స్వతంత్ర సంస్థలకు తగ్గింపు రేట్లు వర్తిస్తాయి. 'కోల్ష్' పేరుకు 1997 నుంచి యూరోపియన్ యూనియన్ రక్షణ ఉంది.

మన దేశంలో మద్యం జీఎస్టీకి వెలుపల, రాష్ట్రాల చేతిలో ఉంది. తేలిక బీరుకూ ఘాటు బీరుకూ పన్నులో చెప్పుకోదగ్గ తేడా లేనిచోట, పెట్టిన రూపాయికి ఎక్కువ మత్తునే కొనుగోలుదారు ఎంచుకుంటాడు. బెంగళూరు, హైదరాబాదు నగరాల్లోని చిన్న బ్రూవరీలు ఎంత శ్రమించినా ఈ లెక్కను మార్చలేవు.

తేలిక బీరుపై పన్ను తగ్గిస్తే తాగుడు పెరుగుతుందన్న ఆందోళన సహేతుకమే. అయితే ఆ మేరకు ఘాటు బీరుపై పన్ను పెంచితే ఖజానాకు లోటు రాకుండా చూడవచ్చు. మద్యనిషేధానికి కృషి చేయాలని రాజ్యాంగం 47వ అధికరణం ఆదేశిస్తున్న దేశంలో, ఎక్కువ మత్తే చౌక కావడం విడ్డూరం. రాష్ట్ర ప్రభుత్వాలు ఇకనైనా సీసాను కాక, అందులోని మద్యం శాతాన్ని కొలవాలి.