ఫోటో జతపరచవలెను

చైనాలో ఇంగ్లీషు పంతులు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేవారు డిగ్రీ పట్టా, రెండేళ్ళ అనుభవం, పోలీసువారి సర్టిఫికెట్టు, వీటన్నిటితోపాటు ఒక ఫోటో కూడా పంపవలసి ఉంటుంది. పాస్‌పోర్టు మీద అంటించే తపాలాబిళ్ళంత ఫోటో కాదు. ముఖం, ఛాయ, నవ్వు అన్నీ విస్పష్టంగా కనిపించే ఫోటో. ఇంగ్లీషు చెప్పడానికి కావలసింది నోరు గదా, ముఖంతో పనేమిటని మీకు సందేహం రావచ్చు. అక్కడికి వెళ్ళిన నల్లజాతి పంతుళ్ళకు కూడా మొదట ఆ సందేహమే వచ్చింది.

వారిలో ఎవరి అనుభవం చదివినా మొదటి ఘట్టం ఇంచుమించు ఒకలాగే ఉంటుంది. అమెరికాలో పుట్టి, అమెరికాలో చదివి, ఊహ తెలిసినప్పటినుంచీ ఇంగ్లీషు తప్ప మరో భాష ఎరుగని మనిషి. ఉత్తరప్రత్యుత్తరాలు జరుగుతాయి. జీతం కుదురుతుంది. ఫోనులో మాట విని అవతలివారు మురిసిపోతారు. ఫోటో అందగానే ఉత్తరాలు ఆగిపోతాయి, లేదా ఆ ఖాళీ భర్తీ అయిపోయిందని రెండు ముక్కల జవాబు వస్తుంది. మొహమాటం లేనిచోట అసలు కారణమే చెప్పేస్తారు: మాకేమీ అభ్యంతరం లేదు, పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరు అని. తెల్లవారు మాత్రమే కావాలని బాహాటంగా వేసిన ప్రకటనలు కూడా పత్రికల కెక్కాయి. ఇంకా విడ్డూరమేమంటే, ఇంగ్లీషు తమ మాతృభాష కానే కాని రష్యావారికి, ఉక్రెయిన్‌వారికి, ముఖం తెల్లగా ఉన్న పుణ్యాన, అలాంటి బళ్ళలోనే కొలువులు దొరికాయి.

ప్రభుత్వ నిబంధనలో రంగు ప్రసక్తి లేదు. ఇంగ్లీషు మాతృభాషగా గల దేశస్థులు కావాలని మాత్రం ఉంటుంది. ఆచరణలో ఆ దేశాలు ఏడు: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండు, ఆస్ట్రేలియా, న్యూజీలండ్, దక్షిణాఫ్రికా. కొన్ని మినహాయింపులు లేకపోలేదు గాని, స్థూలంగా లెక్క ఇది. బడిలో చేరిననాటినుంచీ ఇంగ్లీషులోనే చదువుకున్న నైజీరియావాడికి, ఘనావాడికి, కెన్యావాడికి ఈ పట్టికలో చోటు లేదు. 'థింగ్స్ ఫాల్ అపార్ట్' నవల రాసి ఇంగ్లీషు సాహిత్యాన్నే ఒక మలుపు తిప్పిన చినువా అచెబె నైజీరియావాడే. ఆ నవల వెలువడింది 1958లో. సరిగ్గా అదే సంవత్సరంలో మన హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ నెలకొల్పారు. ఇవాళ మనం ఇఫ్లూ అంటున్న విశ్వవిద్యాలయం అదే. దేశదేశాలనుంచి, ఆఫ్రికానుంచి కూడా, అక్కడికి ఇంగ్లీషు నేర్చుకోవడానికి వస్తారు. వారికి పాఠాలు చెప్పే మన ఆచార్యుల పాస్‌పోర్టు కూడా ఆ ఏడింటిలో లేదు సుమండీ!

సరే, ఎలాగో ఉద్యోగం దొరికి చైనాలో కాలుపెట్టిన నల్లజాతి పంతులు సంగతి చూద్దాం. అన్నీ కన్నీళ్ళే అనుకుంటే పొరపాటు. జీతంలో నాలుగు రాళ్ళు మిగులుతాయి. స్వదేశంలో చదువుకోసం చేసిన అప్పు తీరుతుంది. అమెరికాలోలాగ అర్ధరాత్రి పోలీసువాడు కారు ఆపుతాడేమోనన్న బెదురు ఇక్కడ లేదు, ప్రాణం తెరిపిన పడిందని చెప్పినవారున్నారు. పిల్లలు నెలరోజుల్లో మచ్చికవుతారు. మొదటిరోజు మాత్రం ఏ పిల్లవాడో వచ్చి పంతులుగారి చేయి వేలితో రుద్ది చూస్తాడు, రంగు వస్తుందేమోనని. అందులో కల్మషం లేదు. పిల్లవాడి తర్వాత వాడి తాతమ్మ కూడా వచ్చి రుద్దినప్పుడే మనిషికి విసుగు పుట్టేది. వీధిలో నడుస్తుంటే చెప్పకుండా ఫోటోలు తీస్తారు. బస్సులో వెనక సీటులోనుంచి చెయ్యి చాచి జుట్టు తాకి చూస్తారు.

భాషల పనిలో ఉన్నవాడిని కాబట్టి ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మనం మాట తోచనప్పుడు "అదీ... అదీ..." అని సాగదీస్తాం గదా. చైనావాళ్ళకు ఆ ఊతపదం "నేగ". దానికీ అర్థం "అది" అనే. కొత్తగా దిగిన అమెరికా నల్లజాతివాడి చెవికి అది తన తాతముత్తాతలను బానిసలుగా కట్టేసిన రోజులనాటి తిట్టులాగ వినిపిస్తుంది. బస్సులో ఇద్దరు ముసలమ్మలు కూరగాయల ధరలు మాట్లాడుకుంటూ ఆ మాట పదిసార్లు అంటారు. ఈ మనిషి పదిసార్లూ ఉలిక్కిపడతాడు. వారంరోజుల్లో అర్థమవుతుంది, నవ్వుకుంటాడు. కాని చెవికి ఆ గాయం ఎక్కడిదో చైనా ముసలమ్మలకు తెలియదు. తెలియవలసిన అవసరమూ వారికి రాలేదు.

ఒకప్పుడు రోజులు ఇలా ఉండేవి కావు. విక్కీ గార్విన్ అని ఒక నల్లజాతి అమెరికన్ మహిళ. 1915లో పుట్టింది. ఆర్థికశాస్త్రంలో ఎం.ఏ. చేసి కార్మిక సంఘాలలో పనిచేసింది. స్వదేశంలో వామపక్షీయులపై వేట సాగిన రోజుల తర్వాత ఆఫ్రికా చేరి, ఘనాలో ఉండగా అక్కడి చైనా రాయబార కార్యాలయంవారికి ఇంగ్లీషు నేర్పింది. ఆ రాయబారి హువాంగ్ హువా ఆహ్వానించగా 1964లో షాంఘై వెళ్ళి విదేశీ భాషల విద్యాలయంలో ఇంగ్లీషు చెప్పింది. ఆమెకు ఫోటో అడ్డురాలేదు సరికదా, ఆమె నలుపే యోగ్యత అయింది. తన జాతి పోరాటాల చరిత్రనే పాఠ్యంగా మలచి చెప్పింది. 1970 దాకా చైనాలోనే ఉంది. అంతకుముందు 1959లో నల్లజాతి మేధావి డుబోయిస్ తన తొంభయి ఒకటో పుట్టినరోజు పీకింగులో జరుపుకున్నాడు. 1963 ఆగస్టులో మావో అమెరికా నల్లజాతి పోరాటాన్ని సమర్థిస్తూ ప్రకటన చేశాడు. రాజకీయం లేకపోలేదు, నిజమే. అయినా ఒక నల్లని స్త్రీ నోట ఇంగ్లీషు వినడానికి షాంఘై విద్యార్థులు శ్రద్ధగా కూర్చున్నారన్నది కూడా నిజమే.

ఆ పునాది ఎంత పలచనిదో 1988 డిసెంబరులో నాంకింగులో తేలిపోయింది. హోహాయ్ విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా విద్యార్థులకూ చైనావారికీ మొదలైన గొడవ ఊరంతా పాకి, నల్లవారికి వ్యతిరేకంగా వీధి ఊరేగింపులే జరిగాయి. ఆ తర్వాత ఇంగ్లీషు చైనాలో పాఠంగా ఉండడం మాని సరుకైంది. వీధివీధికీ శిక్షణ కేంద్రాలు వెలిశాయి. సరుకు అమ్మేవాడికి బోర్డు కావాలి, ఆ బోర్డు పేరే తెల్లముఖం. 2020 ఏప్రిల్‌లో కరోనా కాలంలో క్వాంగ్‌చౌ నగరంలో జరిగింది మరీ దారుణం. అద్దె సక్రమంగా కట్టినవారిని కూడా ఆఫ్రికావారైతే చాలు ఇళ్ళలోనుంచి, హోటళ్ళలోనుంచి వెళ్ళగొట్టారు. కొందరు వీధుల్లో, వంతెనల కింద తెల్లవార్లూ గడిపారు. ఆఫ్రికా దేశాల రాయబారులు కలిసి చైనా విదేశాంగమంత్రికి నిరసన లేఖ రాయవలసి వచ్చింది. మరుసటి ఏడు, 2021 జులైలో, చైనా ప్రభుత్వం లాభాపేక్షతో నడిచే ట్యూషన్ల మీదే వేటు వేసింది. వేలకొద్దీ కేంద్రాలు మూతపడ్డాయి. తెల్ల పంతుళ్ళూ నల్ల పంతుళ్ళూ ఒకే విమానంలో ఇంటిదారి పట్టారు.

ఇదంతా చదివి చైనావాళ్ళను తిట్టుకోవడం తేలిక. మెట్‌పల్లి బస్టాండులో నిలబడి తిట్టుకోవడం మాత్రం కష్టం. ఇక్కడ ప్రతి రెండో ఇంటినుంచీ ఒకరు దుబాయికో మస్కట్‌కో పోయి వచ్చినవారే. వారిని అడగండి. ఒకే ఆఫీసులో, ఒకే కుర్చీలో, ఒకే పనికి ఇంగ్లండు పాస్‌పోర్టుకు ఒక జీతం, మన పాస్‌పోర్టుకు ఒక జీతం అని లెక్కతో సహా చెబుతారు. నల్లజాతి పంతులు బాధ ఏమిటో విడమరచి చెప్పనవసరం లేకుండా అర్థం చేసుకోగలవారు లోకంలో ఎక్కడైనా ఉంటే మన కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వైపే ఉండాలి.

కాని అదే మనం మే నెల రాగానే ఏం చేస్తున్నాం? ప్రైవేటు బళ్ళ ప్రవేశాల ఫ్లెక్సీలు చూడండి. బంగారు జుట్టు, నీలికళ్ళు గల పిల్లవాడు టై కట్టుకొని నవ్వుతూ ఉంటాడు. ఆ పిల్లవాడు మన మండలంలో ఏ ఊరివాడో నాకు ఇంతవరకూ తెలియలేదు. కొన్నేళ్ళ కిందట అయితే 'కేరళ టీచర్లచే బోధన' అని పెద్ద అక్షరాలతో రాసేవారు. కేరళనుంచి వచ్చి ఊరుగాని ఊళ్ళో చిన్న గదుల్లో ఉంటూ చెమటోడ్చి చెప్పినవారిని నేను తప్పుపట్టడం లేదు. చాలామంది నిక్షేపంలాంటి ఉపాధ్యాయులు. ఆ బోర్డు రాసిన బుద్ధి సంగతే నేననేది.

నల్లవారు మన మధ్యకు వచ్చినప్పుడు మనం చేసింది కూడా చూడాలి. 2016 మే నెలలో ఢిల్లీ వసంత్ కుంజ్‌లో ఆటో దగ్గర తగవు పెట్టుకొని ఒక కాంగో యువకుణ్ణి కొట్టి చంపారు. అతడు ఫ్రెంచి పాఠాలు చెప్పుకొని బతుకుతున్నవాడు. కొద్దిరోజులకే హైదరాబాదులో బండి నిలిపే చోటు దగ్గర మాటామాటా పెరిగి ఒక నైజీరియా విద్యార్థి తల మీద ఇనుప కడ్డీతో కొట్టారు. చదువుకోసం వచ్చిన ఆఫ్రికా పిల్లలు ఇల్లు అద్దెకు దొరకక టోలీచౌకీ చుట్టుపక్కల ఒకచోటే ఎందుకు గుమిగూడి ఉంటారో ఇంటి యజమానులకు బాగా తెలుసు.

వీరయినా నిన్నమొన్న వచ్చినవారు. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అనే పేట ఉంది. చల్లని గదుల కాపలాదారులు కాబోలునని మా విద్యార్థి ఒకడు అన్నాడు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే నిజాంగారి ఆఫ్రికా రౌతుల దళం. మొదట వనపర్తి రాజావారి కొలువులో ఉండి తర్వాత నిజాం సైన్యంలో కలిసిన సిద్దీలు వారు. 1948 పోలీసు చర్య తర్వాత దళం పోయింది, మనుషులు ఉండిపోయారు. పెళ్ళిళ్ళలో మార్ఫా వాయిస్తే బారాత్ కదలాల్సిందే. వారి మాట మన హైదరాబాదు ఉర్దూ, తెలుగూ వచ్చు. తరాలు గడిచినా బస్సులో పక్కవాడు వారిని ఇంగ్లీషులోనే పలకరిస్తాడు, ఏ దేశమని. ముఖం చూసి భాష నిర్ణయించడమంటే ఇదే.

మా దగ్గర చదివి ఇంగ్లీషు ఎం.ఏ. చేసిన ఒక అమ్మాయి కిందటేడు ఒక బడికి ఇంటర్వ్యూకు పోయి వచ్చి కనిపించింది. మంచి ఉచ్చారణ, వ్యాకరణంలో గట్టిపిల్ల. రంగు మా ఎండల రంగు.

"ఏమైందమ్మా?" అన్నాను.

"నన్ను ఎల్‌కేజీకి పెడతరట సార్. పెద్ద తరగతులకు బయటినుంచి ఎవరో ఒకామె వస్తదట."

"ఆమె చదువేమిటి?"

"బీఎస్సీ అట సార్. జీతం మాత్రం నాకు చెప్పినదానికి రెండింతలు."

"ఎందుకట?"

"పేరెంట్స్ మీటింగుల ముంగట నిలబెట్టాలె గద సార్ అన్నరు."

చైనాలో చెప్పిన కారణమే, మాట తేడా లేకుండా. ఆమె ఎల్‌కేజీకి ఒప్పుకోలేదు. ఏడాదంతా ఇంటి అరుగు మీద పదో తరగతి పిల్లలకు ట్యూషను చెప్పింది. పదకొండుమంది వచ్చేవారు. ఈ ఏడు మళ్ళీ రెండు బళ్ళకు దరఖాస్తు పెట్టింది. ఒకరు ఫోటో అడిగారు. రెండోవారు ముందు ఒక పాఠం చెప్పించుకొని వింటామన్నారట. తేదీ ఇంకా చెప్పలేదు.