తీరగ్రామమున గృహము

విదేశములలో ముప్పది నలువది సంవత్సరములు ఉద్యోగవ్యాపారములు సాగించి, పిల్లలను పెంచి పెద్దచేసి, వారి వివాహములు సైతము గావించి, శేషజీవితమును ఎచట గడుపవలెనా యని ఆలోచించుచున్న తరమొకటి నేడు మన సంఘమునందు ఏర్పడియున్నది. వారిలో పెక్కుమంది మనస్సు హైదరాబాదు మేడలవైపుగాని విశాఖపట్టణపు బహుళాంతస్తుల భవనములవైపుగాని పోవుటలేదు. కోనసీమలోనో, దివిసీమలోనో, భీమునిపట్టణము మొదలు శ్రీకాకుళము జిల్లా బారువ దాక సాగిన ఇసుకతీరమునందలి యే చిన్నపల్లెలోనో, కొబ్బరిచెట్ల నడుమ, అలలచప్పుడు వినవచ్చునంత దూరమున ఒక ఇల్లు కావలెనని వారు కోరుచున్నారు. పుట్టిన నేలకు మరలిపోవలెనను తపన ఇంకను ఆరిపోలేదనుటకు ఇంతకంటె నిదర్శనమేల? ఈ కోరిక మాకు మిక్కిలి ప్రియమైనది. అది తీర్చుకొను విధానమే మమ్ము కలవరపెట్టుచున్నది. సెలవులలో పోయి ఒక సాయంకాలము తీరమును జూచి, దళారి చూపిన స్థలమునకు అక్కడికక్కడనే బయానా ఇచ్చి, తక్కిన వ్యవహారమంతయు ఫోనుమీద ముగించుకొని, ఇంటికి కొలతలిచ్చి తాళమువేసి మరలివచ్చుచున్నవారు నానాటికి హెచ్చుచున్నారు. తీరగ్రామమున ఇల్లు కొనువారు ఆ ఊరి నేలను, నీటిని, గాలివానను, ఇరుగుపొరుగును గూడ తమవిగా స్వీకరింపవలసియుండునని ఈ సంచిక ముఖమున విన్నవింపదలచితిమి.

మన సెలవుల కాలమును గూర్చియే మొదట ఆలోచింపుడు. మనము స్వదేశమునకు పోవునది సాధారణముగా క్రిస్‌మసు సెలవులలో, సంక్రాంతికి. అప్పుడు వరికోతలు ముగిసి, ఆకాశము నిర్మలమై, సముద్రము సాధువై, తీరమంతయు ఆహ్వానించుచున్నట్లే యుండును. ఆంధ్రతీరమును వణకించిన గాలివానలలో అనేకము వచ్చినది మాత్రము అక్టోబరు, నవంబరు మాసములలోనే. 1864 నవంబరు 1న మచిలీపట్టణమును ముంచి సుమారు ముప్పదివేలమందిని బలిగొన్న ఉప్పెన, 1977 నవంబరు 19నాటి దివిసీమ ఉప్పెన, 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరితోటలను నేలగూల్చిన తుఫాను, 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస, సోంపేట ప్రాంతముల జీడితోటలను కొబ్బరితోటలను తుడిచిపెట్టిన తిత్లీ, ఇవన్నియు మన ప్రవాసులలో అత్యధికులు అక్కడ లేని రోజులలోనే సంభవించినవి. ఏ ఊరిలో ఇల్లు కొనదలచితిమో ఆ ఊరిని నవంబరులో చూడనివారు ఆ ఊరిని సగమే చూచినవారు. కావున అద్దెకు ఒక ఇల్లు తీసుకొని, వానకారు ప్రారంభము మొదలు సంక్రాంతి వరకు, సాధ్యమైనచో మరుసటి వైశాఖమాసపు ఎండలవరకు గూడ, అచటనే కాపురముండి చూచినమీదటగాని క్రయపత్రముపై సంతకము చేయవలదని మా దృఢాభిప్రాయము. సంవత్సరము ఆలస్యమగుటవలన పోవునది ఏమియు లేదు.

దివిసీమ సంగతి కొంచెము విస్తరముగా చెప్పవలసియున్నది. పులిగడ్డయొద్ద రెండుగా చీలిన కృష్ణవేణీ పాయల నడుమ, శతాబ్దముల తరబడి నది తెచ్చిపోసిన ఒండ్రుతో ఏర్పడిన ఆ దీవిలో పొలములు సముద్రమట్టమునకు కొద్ది అడుగుల ఎత్తుననే యుండును. పూర్వకాలమున సముద్రము వెనుకంజవేసినప్పుడెల్ల మిగిలిపోయిన ఇసుకదిబ్బలు ఈ డెల్టాలలో తీరమునకు సమాంతరముగా వరుసలుదీరియున్నవి. పాత గ్రామములలో అనేకము ఆ దిబ్బలమీదనే వెలసినవి. మన పూర్వులు పల్లమును సేద్యమునకు విడిచి మెరకను నివాసమునకు ఎన్నుకొనిరి. నేడు లేఅవుట్లు వేయువారు చౌకగా దొరకిన పల్లపు చేలను గ్రావెలుతో మెత్తి, రాళ్లుపాతి, సముద్రదర్శనమను పేర విక్రయించుచున్నారు. 1977లో దాదాపు అయిదు మీటర్ల ఎత్తున లేచివచ్చిన ఉప్పెన సొర్లగొంది వంటి పల్లెలను ఊడ్చిపెట్టి పదివేలమందికి పైగా ప్రాణములను హరించినది. ఆనాడు తాటిచెట్లను కౌగిలించుకొని బ్రతికి బట్టకట్టినవారు నాగాయలంక, కోడూరు ప్రాంతములలో ఇంకను ఉన్నారు. మీరు కొనదలచిన స్థలమున ఆనాడు నీరు ఎంత ఎత్తున నిలిచెనో, ఏ దారిన వచ్చెనో, ఏ దారిన పోయెనో వారు వేలుపెట్టి చూపగలరు. ఏ సర్వేపటములోను దొరకని ఈ సమాచారమును ఆ వృద్ధులు సజీవులై యుండగనే అడిగి తెలిసికొనవలెను.

ప్రవాసాంధ్రులమైన మనకు దివిసీమతో మరియొక అనుబంధము గలదు. 1975లో హైదరాబాదున మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు విద్యామంత్రిగా ఆ మహాకార్యమును తన భుజములమీద మోసిన మండలి వెంకట కృష్ణారావుగారు దివిసీమలోని అవనిగడ్డ ప్రతినిధి. దేశదేశములనుండి తెలుగువారిని ఒక పందిరిక్రింద చేర్చిన రెండేండ్లకే ఆయన తన సీమ జలసమాధి యగుటను కన్నులయెదుటనే చూడవలసివచ్చెను. అటుపిమ్మట బాధితుల సేవలోనే ఆయన నిమగ్నులైరి. ఆ సీమలో స్థలమును కొనువారు ఈ చరిత్రను ఎరుగకుండుట తగదు.

సముద్రము వచ్చిపోవుటయే గాక, కొన్నిచోట్ల వచ్చి నిలిచిపోవుచున్నది. కాకినాడకు ఉత్తరముగా, జాందానీ చీరలకు పేరుపొందిన ఉప్పాడలో ఇండ్లు, గుడులు, వీధులు తరములుగా కడలిపాలగుచున్నవి. అడ్డుకట్టగా వేసిన జియోట్యూబుగోడయు, తీరమువెంట పోవు రోడ్డును ప్రతి పెద్ద తుఫానునకు దెబ్బతినుచునే యున్నవి. పై నదులలో కట్టిన జలాశయములు ఒండ్రును నిలుపుచేయుటవలన తీరమునకు చేరవలసిన మట్టి చేరుటలేదు. కోతపడిన మేర నిండుటలేదు. మనము నివసించుచున్న అమెరికా దేశమునందును ఇదియే గాథ. నార్త్ కరోలినా రాష్ట్రమున అవుటర్ బ్యాంక్స్ దీవులలోని రొడాంతి గ్రామమున 2020 తరువాత అనేక గృహములు కొయ్యస్తంభములతో సహా అలలలో కూలిపోయినవి. ఆ దృశ్యములను దూరదర్శనమునందు చూచి నిట్టూర్చిన మనమే, స్వదేశమున స్థలము కొనునప్పుడు తీరరేఖ ఇరువదియేండ్ల క్రిందట ఎచటనుండెనని అడుగుటలేదు. మడ అడవులు దట్టముగా మిగిలియున్న చోటికిని, వానిని నరికి రొయ్యలచెరువులు త్రవ్విన చోటికిని ఎంతటి వ్యత్యాసమున్నదో గాలివాన వచ్చిననాడు తెలియును. మడ వేళ్లు అలల వేగమును విరిచి, ఒడ్డుమట్టిని పట్టియుంచును. ఊరికిని కడలికిని నడుమ మడ యున్న గ్రామమును ఎన్నుకొనుడని మేము నిస్సంకోచముగా చెప్పగలము.

శాసనముల విషయము సంగ్రహముగా చెప్పెదము. విదేశమారక నిబంధనల ననుసరించి ప్రవాసభారతీయులును ఓసీఐ కార్డుదారులును స్వదేశమున నివాసగృహములను, వాణిజ్యస్థలములను కొనవచ్చునుగాని వ్యవసాయభూమిని, తోటలను, ఫార్మ్‌హౌసులను కొనరాదు. తల్లిదండ్రులనుండి వారసత్వముగా వచ్చినదానిని మాత్రము అనుభవింపవచ్చును. అనగా మనలో పలువురు స్వప్నించు ఎకరము కొబ్బరితోట, దాని నడుమ పెంకుటిల్లు, కొనుటకు వీలులేని వస్తువు. తమ్ముని పేరనో బావమరిది పేరనో వ్రాయించుకొందమను సలహా మిక్కిలి ప్రమాదకరము. బినామీ చట్టముక్రింద అట్టి ఆస్తి జప్తునకు గురికావచ్చును, అంతకుముందే అన్నదమ్ముల నడుమ మాటలు నిలిచిపోవచ్చును. సీఆర్‌జెడ్ అని అందరు పిలుచు తీరప్రాంత నియంత్రణ ఉత్తర్వు మొదట 1991లో వచ్చి 2011లోను 2019లోను మార్పులు పొందినది. గ్రామీణ తీరమున అలలపోటు గరిష్ఠరేఖనుండి 200 మీటర్లలోపల క్రొత్త నిర్మాణము సామాన్యముగా నిషిద్ధము. చదరపు కిలోమీటరునకు 2161మందికి మించి జనసాంద్రతగల గ్రామములకు 2019లో దీనిని 50 మీటర్లకు తగ్గించిరిగాని, రాష్ట్రపు తీరప్రణాళిక ఆమోదము పొందినచోటనే ఆ సడలింపు వర్తించును. తీరము కోతకు గురియగు ఊరిలో ఆ రేఖయే జరుగునని గుర్తుంచుకొనవలెను. నేడు రేఖకు వెలుపలనున్న స్థలము మన మనుమలనాటికి లోపల చేరవచ్చును. వీనికితోడు తీరమున ప్రభుత్వము పేదలకిచ్చిన అసైన్డ్ భూములు, పోరంబోకులు, లంకభూములు విస్తారము. రిజిస్ట్రేషను కూడని భూములను జూపు 22ఏ నిషిద్ధ జాబితాను సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమునను, భూమిలెక్కలైన అడంగలును 1బీని తహసీల్దారువద్దను, ముప్పదియేండ్లకు తక్కువకాని లావాదేవీలను జూపు ఈసీని న్యాయవాదిచేతను పరిశీలింపజేయక బయానా ఇయ్యరాదు. గ్రామకంఠములోని పాత ఇండ్లకు దస్తావేజులే లేకుండుట గలదు. అచట ఊరిపెద్దల సాక్ష్యమును, పన్నురసీదులను ఆధారము చేసికొనవలసివచ్చును.

ఇల్లు కట్టుకొనువారికి నీటివిషయము అన్నిటికంటె ముఖ్యమైనది. ఇసుకదిబ్బలలో ఇంకిన వాననీరు క్రిందనున్న బరువైన ఉప్పునీటిమీద పలుచని పొరయై తేలియుండును. చేతితో తోడుకొను తక్కువలోతు నూయి ఆ పొరలోని తీయనినీటిని ఏండ్లతరబడి ఇచ్చును. లోతుగా బోరువేసి మోటారుతో తోడినచో పై పొర తరిగి అడుగునుండి ఉప్పునీరు ఎగదన్నును. అట్లయినచో మన ఒక్క ఇంటి స్నానపుతొట్టికొరకు చుట్టుప్రక్కల పది ఇండ్లవారి నూతులును ఉప్పనగును. డాబామీది వాననీటిని నిలువచేసికొనుట అచట విలాసము గాదు, పొరుగువారియెడల కనీసధర్మము. ఉప్పుగాలి సంగతియు అట్టిదే: కాంక్రీటులోని ఇనుపచువ్వ త్రుప్పుపట్టి ఉబ్బి పెచ్చులూడదీయును, సముద్రపుటిసుకను కలిపినచో మరింత త్వరగా. నగరపు ఇంజనీరు వేసిన అద్దపుగోడల ఇంటికంటె, తాటాకుచూరు ఇంచుమించు నేలనంటునట్లు దించి గాలిని జారవిడుచు ఉత్తరాంధ్రపు చుట్టిల్లు ఆ గాలిని బాగుగా ఎరుగును. చుట్టిల్లే కట్టుకొనుడని మేము చెప్పుటలేదు. ఎత్తైన పునాది, పొట్టి చూరు, దృఢమైన తలుపులు, పైకెక్కుటకు మెట్లు, వీనిని ఆ ఊరి మేస్త్రిని సంప్రదించి కట్టుకొనవలెనని మాత్రము కోరుచున్నాము.

ఇక మా మనస్సును మిక్కిలి పీడించుచున్న విషయము. తీరమున ఖాళీగా కనిపించు ఇసుకనేల ఖాళీది కాదు. మత్స్యకారులు నావలు లాగుకొనునది, వలలు చిక్కుదీసి బాగుచేసికొనునది, స్త్రీలు చేపలు ఎండబెట్టుకొనునది, గంగమ్మ జాతరకు ఊరంతయు చేరునది అచటనే. ఆ నేలకు వారివద్ద పట్టాలు లేకపోవచ్చును. తాతముత్తాతల నడకతో ఏర్పడిన బాటలే వారి హక్కుపత్రములు. క్రొత్తగా వచ్చినవారు ప్రహరీగోడ కట్టి, ఇనుపగేటు పెట్టి, ఆ బాటను మూసినచో, బుట్ట నెత్తిన పెట్టుకొని తెల్లవారుజామున రేవునకు పోవు స్త్రీ ఊరు చుట్టి పోవలసివచ్చును. టెక్సస్ రాష్ట్రము 1959లోనే తీరమును ప్రజలందరికిని తెరచియుంచవలెనని చట్టము చేసినది. ఆ రాష్ట్రమున స్థిరపడిన మనవారు వారాంతములలో గాల్వెస్టను ఇసుకపై పిల్లలతో స్వేచ్ఛగా తిరుగుచున్నది అట్టి హక్కువలననే. ఆ స్వేచ్ఛను మన సొంతగడ్డమీద పొరుగువారికి కాదనుట ఎట్లు న్యాయమగును?

ధరలను గూర్చియు ఇట్లే యోచింపవలెను. డాలరులెక్కలో ఒక్క స్థలము అమ్ముడుపోయిన ఊరిలో తక్కిన స్థలములన్నియు ఆ ధరకే ఎగబ్రాకును. అప్పుడు వివాహమై వేరుకాపురము పెట్టదలచిన జాలరి యువకుడు సొంత ఊరిలో నాలుగు సెంట్లు కొనలేక పట్టణపు మురికివాడకు పోవును. అతడు పోయిన ఊరిలో మన తాళమువేసిన ఇల్లు మిగులును. సంవత్సరమునకు మూడువందల రోజులు తాళముండు ఇండ్లు పది చేరినచో ఆ వీధిలో అంగడి మూతపడును, బడిలో పిల్లలు తగ్గుదురు, బస్సు రాక మానును. అందుచేత క్రొత్తస్థలములకై వెదకుటకంటె, వారసులు విదేశములకు పోవుటచే పాడువడుచున్న పాత మండువా ఇండ్లను, పెంకుటిండ్లను న్యాయమైన ధరకు కొని, బాగుచేయించి, నిజముగా కాపురముండుట శ్రేయస్కరమని మా నమ్మకము. ఉండలేనివారు స్థానికులకు అద్దెకైనను ఈయవలెను. ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు సముద్రమున చేపలవేటకు నిషేధము అమలులోనుండు కాలమున మత్స్యకారుల ఇండ్లలో పూట గడుచుట కష్టము. మన ఇంటి మరమ్మతు, తోటపని, రంగులపని ఆ రెండుమాసములకు ఉంచి ఊరివారికే అప్పగించినచో దానము చేసితిమను అహంకారము మనకు లేకుండగనే వారికి కూలి దొరకును. గాలివాన హెచ్చరిక వచ్చిననాడు పక్కా మేడ తాళముతో నిలిచియుండగా ప్రక్కనున్న పాకలోనివారు దిక్కులు చూడవలసివచ్చుటకంటె సిగ్గుచేటు వేరొకటి లేదు. మీ ఇంటి తాళపుచెవి ఒకటి పొరుగింటివారివద్ద సదా ఉండవలెను. మేడమీదికి పోవు మెట్లు బయటినుండి ఉండవలెను. కాగితములన్నిటికంటె ముందుగా ఈ రెండింటిని నిశ్చయించుకొనుడు.

మన సంఘసభ్యులలో ఇప్పటికే తీరగ్రామములలో ఇండ్లు కొని నివసించుచున్నవారు, కొని అమ్ముకొన్నవారు, వారసత్వపు ఇంటికై తగవులు పడి పరిష్కరించుకొన్నవారు ఉన్నారు. ఒక గాలివాననైనను ఆ ఊరిలో ఎదుర్కొన్నవారి అనుభవము మాకు ప్రత్యేకముగా కావలెను. నీరు ఎంతవరకు వచ్చినది, నూయి ఎట్లున్నది, ఇరుగుపొరుగువారు ఏమి కోరిరి, ఏమి ఇచ్చిరి, తిరిగి కొనవలసివచ్చినచో ఏది మార్చుకొందురు, ఈ విషయములను తెలుగులో వ్రాసి పంపినచో రాబోవు సంచికలో కొన్ని పుటలను వానికే కేటాయింతుము. కొనుటకు ఉద్దేశించువారు గూడ తమ సందేహములను వ్రాసి పంపవచ్చును. ఎరిగినవారిచే సమాధానములు వ్రాయించి ప్రకటింతుము.