అటక మీది ల్యాప్‌టాప్‌కు వైఫై కావాలి
అటకెక్కిన పాత ల్యాప్‌టాప్‌ను ఇంటి సర్వర్‌గా మార్చుకోండని కనిపించినవాళ్లందరికీ చెబుతుంటాను. కరెంటు పోతే దాని బ్యాటరీయే యూపీఎస్. ఫొటోలు, పాటలు, పిల్లల పాఠాలు మన ఇంట్లోనే, మన చేతిలోనే ఉంటాయి. అయితే రూటర్ హాల్లో, ల్యాప్‌టాప్ లోపలి గదిలో ఉంటే గోడల వెంట కేబుల్ లాగడం అందరికీ కుదరదు. వైఫైయే గతి, చాలామంది ఆగిపోయేదీ అక్కడే. ఇలాంటి సర్వర్‌లో లినక్స్ వేసేటప్పుడు వైఫై చిప్‌కు డ్రైవర్ ఒక్కటే చాలదు, చాలావాటికి తయారీదారు ఇచ్చే ఫర్మ్‌వేర్ కూడా ఎక్కించాలి. దాని సోర్స్ కోడ్ బయటపెట్టరు కాబట్టి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు కట్టుబడిన లినక్స్ పంపిణీ డెబియన్ ఏళ్ల తరబడి తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో దాన్ని చేర్చలేదు. ఫర్మ్‌వేర్ ఉంటే గానీ నెట్ రాదు, నెట్ ఉంటే గానీ ఫర్మ్‌వేర్ రాదు. పిచ్చి, పెళ్లి సామెతే. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి ఆ పట్టు సడలించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌తోనే వస్తోంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆశయం పలచబడిందని బాధపడినవాళ్లను గౌరవిస్తాను, కానీ ఏకీభవించను. మొదటి గంటలోనే విసిగి వెనక్కి పోయిన మనిషికి ఆ స్వేచ్ఛ రుచి ఎలా తెలుస్తుంది? (ఇప్పటికీ చిప్ మొరాయిస్తే ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ పెట్టండి.) నెట్ వచ్చాక మూత వేసినా ల్యాప్‌టాప్ నిద్రపోకుండా లినక్స్‌లోని సిస్టమ్‌డీ సెట్టింగ్ మార్చాలి, వైఫై పవర్ సేవింగ్ ఆపాలి. ఆ రెండోది ఆపిన రాత్రి నుంచి మా ఇంటి బ్యాకప్ ఒక్కసారీ మధ్యలో తెగలేదు.