ట్రంకుపెట్టెలోని తెల్లకాగితం ఎప్పుడైనా చదివారా?

గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే మనం భూసంస్కరణల చాప్టర్ నాలుగుసార్లు తిరగేస్తాం. సీలింగ్ చట్టం ఎప్పుడొచ్చిందంటే నిద్రలో లేపినా 1973 అంటాం. మరి బాపు కొన్న రెండెకరాల చెలక ఇప్పుడు ఎవరి పేరు మీద ఉంది? ఈ ప్రశ్నకు మనలో చాలామంది దగ్గర జవాబు లేదు.

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో భూమి కొనడమంటే చాలా ఏళ్లు ఒకటే పద్ధతి. పెద్దమనుషుల ముందు పైసలు లెక్కపెట్టి, కాగితం రాయించుకుని, నాగలి కట్టడమే. అదే సాదా బైనామా. రిజిస్ట్రేషన్ ఖర్చుకు జంకి కొందరు, మాట మీద నమ్మకంతో కొందరు అట్లా కొన్నారు.

2018 మే 10న హుజూరాబాద్ మండలంలో రైతుబంధు మొదలయ్యాక తేడా బయటపడ్డది. సీజన్‌కు ఎకరానికి 4 వేలు, అదీ పాసుబుక్కు ఉన్నోళ్లకే. రిజిస్ట్రేషన్ చేయించుకున్న పక్క చేను రైతుకు చెక్కు వచ్చింది. కాగితం మీద కొన్న రైతుకు రాలేదు. ఎన్నో చోట్ల భూమి ఎప్పుడో అమ్ముకున్న పాత పట్టాదారుకే ఆ చెక్కు అందింది. 5 లక్షల రైతుబీమాదీ అదే దారి. పాత పహాణీలో ఉండే అనుభవదారు కాలమ్ కొత్త రికార్డులో లేకుండాపోయింది. ఆ భూమిని బ్యాంకుకు చూపి పిల్లల చదువుకు అప్పు తెచ్చే వీలూ లేదు.

2020లో క్రమబద్ధీకరణకు దరఖాస్తులు పిలిస్తే సుమారు 9 లక్షలు వచ్చాయి. వ్యవహారం హైకోర్టుకెళ్లి ఏళ్లపాటు ఆగింది. 2025 ఏప్రిల్ 14న అమల్లోకొచ్చిన భూభారతి చట్టం దారి తెరిచింది గానీ, సందు ఇరుకు. 2014 జూన్ 2 కన్నా ముందు కొని, 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 లోపు దరఖాస్తు పెట్టుకున్న చిన్న, సన్నకారు రైతులకే అవకాశం. ఆర్డీవో విచారించి తేలుస్తారు.

నా అభ్యంతరం ఇక్కడే. ఒకే ఏడు, ఒకే ఊళ్లో, ఒకే ధరకు కొన్న ఇద్దరిలో ఒకరు ఆ నెల రోజుల్లో మీసేవకు పోయారు, ఇంకొకరు వలసలో ఉండో తెలియకో పోలేదు. హక్కును తేల్చాల్సింది దరఖాస్తు తేదీయా, ఇరవై ఏళ్ల సాగా? మళ్లీ గడువిస్తే దొంగ కాగితాలు పుట్టుకొస్తాయన్న భయం నిజమే. దానికి తలుపు మూసేయడం మందు కాదు. పాత పహాణీలున్నాయి, హద్దు రైతుల సాక్ష్యం ఉంది. మిగిలినోళ్లకు ఇంకో అవకాశం ఇవ్వాలి.

ఆదిలాబాద్ మిత్రులకు ఒక హెచ్చరిక. ఉట్నూరు వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనేతరులు భూమి కొనడమే 1970 నాటి సవరణ ప్రకారం చెల్లదు. అక్కడ గిరిజనుడి హక్కే ముందు, అది న్యాయం కూడా. అలాంటి కాగితం చూపి క్రమబద్ధీకరణ చేయిస్తామనే దళారీని నమ్మకండి.

ఈసారి ఊరికి పోయినప్పుడు ట్రంకుపెట్టె తెరిపించండి. కొన్న తేదీ, సర్వే నంబర్, సాక్షుల పేర్లు, 2020 నాటి మీసేవ రసీదు చూడండి. సాక్షులు ముసలోళ్లవుతున్నారు. ఉద్యోగం ఎప్పుడొస్తుందో మన చేతుల్లో లేదు. ఆ కాగితం చదవడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.