వెల వేరు, విలువ వేరు

2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము ఐరోపా సమాఖ్య సరకులలో అధికభాగముపై 15 శాతము సుంకము విధించినది. ద్రాక్షాసవమునకు మినహాయింపు లభింపలేదు. ఇటలీ ద్రాక్షాసవమునకు విదేశములలో అమెరికాయే పెద్ద అంగడి. కావున సరసమైన వెలకు మంచి ఎర్ర ద్రాక్షాసవము ఎక్కడ దొరకునన్న పాత ప్రశ్న మరల తలయెత్తినది.

చవుకసీసాను వెదకుటయే సమాధానమనుకొన్నచో పొరపాటు. ఆ దారి ఎక్కడికి పోవునో 1986లో ఇటలీ చూచినది. కొందరు వర్తకులు నాసిసరకునకు మత్తు పెంచుటకై మిథనాలు కలిపిరి. ఇరువదిమందికి పైగా మరణించిరి. మరికొందరు చూపు కోల్పోయిరి. ఎగుమతులు పడిపోయినవి. ఏ పాపమెరుగని రైతులును ఆ నిందను మోయవలసివచ్చినది.

అట్లని పెద్దపేరును పట్టుకొని పోవుటయు వివేకము కాదు. పీడ్మాంట్ సీమలోని బరోలో ద్రాక్షాసవమును 38 నెలలు మాగబెట్టవలెనని నియమము. అందు 18 నెలలు కొయ్యపీపాలలోనే. అంతకాలము స్తంభించిన మూలధనమునకు వడ్డీ ఎవరు చెల్లింతురు? కొనువాడే గదా! అదే నెబ్బియోలో పండుతో ఆ కొండలలోనే తయారగు లాంగే నెబ్బియోలోకు అంతటి నిరీక్షణ లేదు. టస్కనీలో బ్రునెల్లో దీ మోంటల్చీనో పంట కోసిన పిమ్మట ఐదవయేటికి గాని అంగడి కెక్కదు. అదే సాంజొవేసె పండుతో చేసిన రోస్సో దీ మోంటల్చీనో మరుసటి యేడే వచ్చును. గాంభీర్యమున తమ్ముడు అన్నకు సాటి రాకపోవచ్చును. నిత్యభోజనమునకు మాత్రము చాలును.

దక్షిణమున బసిలికాటాలో అగ్నిపర్వతపు మట్టిలో పండు అల్యానికో దెల్ వుల్తురె, తూర్పుతీరపు మోంటెపుల్చానో దాబ్రుజ్జో కూడ ఇట్టివే. ఈ రెండవదాని పేరు విని భ్రమపడరాదు. మోంటెపుల్చానో టస్కనీలో ఒక ఊరు. అబ్రుజ్జోలో అది ఒక ద్రాక్షజాతి. ఆ ఊరి ప్రసిద్ధ ద్రాక్షాసవము ప్రధానముగా సాంజొవేసెతో చేయబడునది.

1963 నాటి చట్టము వలన ఏర్పడిన డి.ఓ.సి. ముద్ర పుట్టిన చోటును, చేసిన పద్ధతిని తెలుపును, రుచికి పూచీపడదు. సస్సికాయా అను మేటి ద్రాక్షాసవము ఏండ్ల తరబడి సామాన్యమైన ‘భోజనపు ద్రాక్షాసవము’ అను ముద్రతోనే మిక్కిలి వెలకు అమ్ముడుపోయినది.

సుంకము నేడొక తీరు, రేపొక తీరుగ నుండవచ్చును. ఆ భారమును రైతుపై నెట్టి వెలను మరింత తగ్గింపుమన్నచో, మొదట తరుగునది లాభము. పిదప తరుగునది నిజాయితీ. 1986 చెప్పిన పాఠమిదియే. పేరు చిన్నదైనను పని చక్కగా చేసిన పెంపకందారునకు న్యాయమైన వెల నిచ్చి కొనువాడే నిజముగా లాభము పొందినవాడు.