తాళపుచెవి యెవరి చేత నున్నది?

2021వ సంవత్సరము మార్చి 10వ తేదీని ఫ్రాన్సు దేశమున స్ట్రాస్‌బర్గు పట్టణములో ఓవీహెచ్ సంస్థవారి సర్వర్ల భవన మొకటి దగ్ధమైనది. నకళ్లను సైతము అచ్చటనే యుంచుకొన్నవారు అసలును నకలును గూడ కోల్పోయిరి. నకలు దూరముగా నుండవలెనను పాఠమును లోకము కొంత నేర్చినది. రెండవ పాఠము మాత్ర మింకను తల కెక్కలేదు.

నకలును గుప్తలిపిలో భద్రపరచుట యుక్తమే. దొంగచేత బడినను అది చదువరాదు. కాని దానిని విప్పు తాళపుచెవి సర్వరులోనే యుండి దానితో నశించినచో, యజమానుడును ఆ దొంగతో సమానుడే. 256 బిట్ల ఏఈఎస్ తాళమునకు సాధ్యమగు తాళపుచెవుల సంఖ్య 78 అంకెలది! ఏ న్యాయస్థానపు టుత్తరువును దానిని తెరువజాలదు.

మన పురపాలక సంఘములు, కళాశాలలు, సహకార సంఘములు యంత్రముల కప్పగించుచున్న పత్రములు వాని సొత్తు కావు, ప్రజల నిక్షేపములు. కావున తాళపుచెవిని కాగితముపై వ్రాసి, వేరొకచోట ఇనుపపెట్టెలో నుంచవలెను. ఒక్కని నమ్మరాదన్నచో, 1979లో అడీ షమీర్ చూపిన పద్ధతిని ఐదు భాగములుగా జేసి, ఏ మూడు కలిసినను తెరచునట్లు ఐదుగురి కీయవచ్చును. ఏటేట నకలును క్రొత్త యంత్రముపై విప్పి చూడవలెను. విప్పి చూడని నకలు వట్టి యాశ మాత్రమే. తాళపుచెవి పరుల చేతనే యున్నచో, సొత్తు మనదనుట పేరునకే!

సభ్యులారా! రాబోవు సమావేశమున మీ కార్యదర్శి నొక్క ప్రశ్న యడుగుడు: సర్వరు నేడే కాలిపోయినచో, తాళపుచెవి యెవరి చేత నున్నది?