పట్టా లేని పుస్తకం

అక్షరం మన పేటలకీ కొండగూడేలకీ ఎవరూ పిలిచి పెట్టింది కాదు. కొట్లాడి తెచ్చుకున్నాం. వెలివాడల్లో మొదటి పలక పట్టిన తరం ఇంకా మన మధ్యే ఉంది. అందుకే పుస్తకం ఎవరి గుప్పిట్లో ఉంది, ఏ షరతు మీద మనదాకా వస్తోంది అన్నది మనకి బతుకు ప్రశ్న. షోకు ముచ్చట కాదు.

ఇవాళ ఆ గుప్పిట పేరు అమెజాన్. 1994లో అమెరికాలో పుట్టిన కంపెనీ. మొదట పుస్తకాలే అమ్మింది. 2007లో కిండిల్ అనే ఎలక్ట్రానిక్ పలక తెచ్చింది. డబ్బు కడితే కాగితం లేని పుస్తకం, అంటే ఈబుక్కు, నిమిషంలో ఆ పలక మీదికి దిగుతుంది. 2013లో మన దేశంలో దుకాణం తెరిచింది.

ఉన్నమాట ముందు చెప్పుకుందాం. అడ్డతీగల వాడికి అంబేడ్కర్ పుస్తకం కావాలంటే ఇదివరకు రాజమండ్రికో కాకినాడకో బస్సెక్కాల్సిందే. ఇప్పుడు సెల్లులో నొక్కితే పార్సిలు వస్తోంది. అమ్మేవాడు కులం అడగడు. "ఇందులో తప్పేముందండీ?" అని చదువుకున్న మన పిల్లలు మమ్మల్ని అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు మన మన్యం భాషలో చెప్పుకుందాం.

పోడు చేసినవాడికి తెలుసు, సాగు వేరు, పట్టా వేరు అని. తాతల నాటి నుంచి దున్నినా పట్టా లేదంటే ఫారెస్టోళ్లు వచ్చి లెమ్మనేవాళ్లు. 2006 అటవీ హక్కుల చట్టం దాకా ఆదివాసులు కొట్లాడింది ఆ కాగితం కోసమే. కిండిల్ పుస్తకం అచ్చం పట్టా లేని భూమి. పూర్తి ధర కడతాం, పుస్తకం మాత్రం మనది కాదు. చదువుకోడానికి లైసెన్సు ఇస్తారు, అంతే. కాగితం పుస్తకంలా పక్కింటి పిల్లకి శాశ్వతంగా ఇచ్చెయ్యలేం. పాతదని అమ్ముకోలేం. లైబ్రరీకి రాసివ్వలేం.

2009 జూలైలో ఏం జరిగిందో చూడండి. జార్జ్ ఆర్వెల్ రాసిన '1984', 'యానిమల్ ఫామ్' పుస్తకాలు డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్ల కిండిళ్లలోంచి కంపెనీయే చెరిపేసింది. అక్కడ పెట్టినవాడికి అమ్మే హక్కు లేదని కారణం చెప్పింది. డబ్బు వెనక్కిచ్చింది, తర్వాత క్షమాపణా చెప్పింది. అయితేనేం? మన ఇంటి బీరువా తాళంచెవి ఇంకొకడి దగ్గర ఉందని ఆ రోజు లోకానికి తెలిసింది. 2025 ఫిబ్రవరిలో ఇంకో తలుపు పడింది. కొన్న పుస్తకాన్ని కంప్యూటర్లోకి దించుకుని కేబుల్‌తో కిండిల్‌లోకి ఎక్కించుకునే పాత దారి మూసేశారు.

ఇది చదివేవాడి సంగతి. మరి రాసేవాడిది?

సంతలో కొనేవాడు ఒక్కడే షావుకారు అయితే చింతపండు ధర ఎవడు చెప్తాడు? ఆ షావుకార్ల దొంగ తూకాలకి అడ్డం పడటానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. పుస్తకాల సంతలో అమెజాన్ అట్లాంటి షావుకారు. 2014లో హాచెట్ అనే పెద్ద ప్రచురణ సంస్థ ఈబుక్కుల ధర దగ్గర మాట వినలేదు. దాని పుస్తకాలకి ముందస్తు ఆర్డర్లు ఆపేశారు, అడిగినవాళ్లకి వారాల తరబడి ఆలస్యం చేశారు. పెద్దవాళ్ల తగువులో నలిగింది రచయితలే. మన దేశంలో సొంతంగా ఈబుక్కు వేసుకునే రచయితకి కూడా ఇలాంటి మెలికే. ఇక్కడి అమ్మకం మీద రాయల్టీ 70 శాతం కావాలంటే ఆ ఈబుక్కు ఇంకెక్కడా అమ్మనని, ఉచితంగా కూడా పంచనని ఒప్పుకోవాలి. లేదంటే 35 శాతమే.

2016లో టాటాల దగ్గర్నుంచి వెస్ట్‌ల్యాండ్ అనే ప్రచురణ సంస్థని కొన్నారు. 2022 ఫిబ్రవరిలో మూసేస్తున్నామన్నారు. పుస్తకాలు దొరక్కుండా పోతాయని పాఠకులు పరిగెత్తి కొనుక్కున్నారు. ఆ సంస్థ మనుషులు అదే ఏడాది ప్రతిలిపి అండతో మళ్లీ నిలబడ్డారు. అది వాళ్ల గట్టితనం. కొన్నవాడి దయ కాదు.

భాష సంగతి ఇంకా ఘోరం. 2016 డిసెంబరులో కిండిల్‌లోకి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు తెచ్చారు. తెలుగు లేదు! 2011 జనాభా లెక్కల్లో 8 కోట్ల మందికి పైగా మాట్లాడే భాషకి గుమ్మం దగ్గరే ఆపు. ఇక మన కోయ భాష వాళ్ల లెక్కలోకి ఎప్పుడొస్తుంది? మన పాట, మన గోడు పుస్తకం కావాలో వద్దో సముద్రాల అవతల కూర్చున్నవాడు తేల్చడమేమిటి?

1936 గుర్తు చేసుకుందాం. లాహోరు జాత్‌పాత్ తోడక్ మండల్ బాబాసాహెబ్‌ని అధ్యక్షోపన్యాసానికి పిలిచింది. ఉపన్యాసం చదివి భయపడి, మార్చమంది. ఆయన మార్చనన్నారు. సభే రద్దయింది. బాబాసాహెబ్ సొంత డబ్బుతో 1,500 ప్రతులు అచ్చు వేశారు. రెండు నెలల్లో అయిపోయాయి. అదే 'కుల నిర్మూలన'. ఒక గుమ్మం మూసినా ఇంకో దారి మిగిలింది కాబట్టి ఆ పుస్తకం మనదాకా వచ్చింది. దారులన్నీ ఒక్కడి గేటులోంచే పోతే రేపటి 'కుల నిర్మూలన' ఎక్కడ అచ్చవుతుంది?

డబ్బు లేనివాడికి పుస్తకం దొరికే చోటు లైబ్రరీ ఒక్కటే. అమెజాన్ తాను ప్రచురించిన ఈబుక్కుల్ని అమెరికాలో 2021 దాకా ప్రజా గ్రంథాలయాలకి ఇవ్వనే లేదు. కొనగలిగినవాడే చదవాలన్నమాట! 1927లో మహద్ చెరువు నీళ్లు దోసిట్లోకి తీసుకుని బాబాసాహెబ్ చెప్పింది ఇదే కదా: ఊరుమ్మడిది అందరిదీ. లైబ్రరీ మన అక్షరాల చెరువు. దానికి తాళం వేస్తే ఊరుకుంటామా?

ఆ పార్సిలు తెప్పించుకోవద్దని మేము అనడం లేదు. దాని మీదే బతకొద్దంటున్నాం. మన రచయితలు ఏ కంపెనీకీ ఏకహక్కు రాసివ్వొద్దు. ఈబుక్కు వేసినా కొన్ని కాగితం ప్రతులు అచ్చేయించి పేటల్లో, హాస్టళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో పెట్టాలి. తెలుగు ఈబుక్కుల కోసం 2010లో తెలుగువాళ్లే కినిగె పెట్టుకున్నారు. అలాంటివి ఒకటి కాదు, పది కావాలి.

ఇంకో మాట. 1960 గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్ను రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను మనమే కడుతున్నాం. అది పంచాయతీ నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థకి చేరాలి, పుస్తకాలై మన ఊరికి తిరిగి రావాలి. వచ్చే గ్రామసభలో లేచి మూడు ప్రశ్నలు అడగండి. ఎంత వసూలైంది? ఎంత జమ చేశారు? మా ఊరికి ఎన్ని పుస్తకాలు వచ్చాయి? జవాబు కాగితం మీద రాయించుకోండి. సంఘం కార్యకర్తలు ఆ కాగితాలు మాకు పంపండి, అచ్చు వేస్తాం.

భూమికి పట్టా అడిగినవాళ్లం. పుస్తకానికీ అడుగుదాం.

జై భీమ్!